బదులు రోజు

పోర్తో,
అక్టోబర్ 2

పెదనాన్నకి,

మీ మోకాలు ఎలా ఉంది? పోయిన ఉత్తరంలో చలి ఇంకా మొదలవలేదని రాశారు. ఇక్కడ పొద్దున్నే నదిమీంచి పొగమంచు లేచి మా వీధిలోకి వచ్చేస్తోంది. ముందు ట్రాము గంట వినిపిస్తుంది, ట్రాము తర్వాతెప్పుడో కనిపిస్తుంది. ఆ గంట విన్నప్పుడల్లా మన కర్వాలెయిరా ఊరి మేకలు కొండ దిగి వస్తున్నాయేమో అనిపించి కిటికీ దగ్గరికి వెళ్తాను.

మీకు ఫోన్‌లో మాట రాదని తెలుసు కాబట్టి అడగాల్సింది కాగితం మీదే అడుగుతున్నాను.

నేను యూనివర్సిటీలో చెప్పేది రేపు టీచర్లు కాబోయే వాళ్ళకి. డిగ్రీ అయ్యాక చేసే పెద్ద కోర్సు. ఇన్నాళ్ళూ చదువు ఎలా చెప్పాలో నాలుగు గోడల మధ్య కూర్చుని చెప్పాను. ఈ ఏడు నా కోర్సుని తిరగరాశాను. పిల్లలు ఏదో ఒక ఊరికి వెళ్ళాలి, అక్కడి వాళ్ళకి అవసరమైన పని చేయాలి, తిరిగొచ్చి దాని గురించి ఆలోచించాలి, రాయాలి. దానికి 'సేవతో చదువు' అని పేరు పెట్టాం.

మన ఊరి బడి మూతపడి ఉంది కదా. చిన్నప్పుడు బడి మొహం చూడని ఆడవాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారు. నా విద్యార్థులు శనివారాలు వచ్చి వాళ్ళకి చదవడం, రాయడం నేర్పుతారు. మీరు ఎవరితోనూ ఏమీ మాట్లాడక్కర్లేదు. తలుపు తీసి ఉంచితే చాలు.

జనవరిలో మా కౌన్సిల్ కూర్చుని ఈ పద్ధతి ఉంచాలో తీసేయాలో తేలుస్తుంది. నా ఉద్యోగం ఏడాదికేడాది పొడిగించేది. ఈ కోర్సు నిలబడితే నేనూ ఉంటాను, పోతే నేనూ పోతాను. ఇది మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మీ తమ్ముడి కూతురు,
ఒటిలియా


కర్వాలెయిరా,
అక్టోబర్ 9

అమ్మా ఒటిలియా,

ఉత్తరం అందింది. మోకాలు అలాగే ఉంది.

బడి తాళంచెవి తెచ్చాను. తాళం తుప్పు పట్టింది. నూనె పోస్తే వచ్చింది. లోపల బెంచీలు బాగానే ఉన్నాయి. నల్లబల్ల మీద ఎవరో ఎప్పుడో వేసిన కూడిక ఇంకా ఉంది. చెరపలేదు.

ఊరందరి రొట్టెల పొయ్యి దగ్గర నీ సంగతి చెప్పాను. నువ్వు రాసిన 'సేవ' అన్న మాటే చెప్పాను. బెల్మీరా నోరు నీకు తెలుసు కదా. "ఏంటయ్యా ఫిర్మీనో, మనకేం రోగమొచ్చిందని సేవ చేస్తారంట? నేను మంచం పట్టానా?" అంది. అందరూ నవ్వారు. చివరికి "సేవ కాదులే, పనికొస్తున్నారు. శనివారం శనివారం మన దగ్గర పని చేస్తారు" అన్నాను. అది అందరికీ అర్థమైంది. "పనికొస్తే రానీ, పోయేదేముంది" అంది బెల్మీరా.

నిన్న కల వచ్చింది. బడి నిండా మంచు. బెంచీల మీద వరసగా కూర్చుని ఉంది, పిల్లల్లాగా, చేతులు కట్టుకుని. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, పొమ్మనీ అనలేదు.

తలుపు తీసి ఉంచుతాను.

పెదనాన్న,
ఫిర్మీనో


పోర్తో,
అక్టోబర్ 28

పెదనాన్నకి,

పిల్లలు ఎంత సంతోషంగా తిరిగొచ్చారో మీరు చూడాల్సింది! వాస్కో అనే కుర్రాడు, పొడుగ్గా ఉంటాడు, వాడు క్లాసులోకి వస్తూనే "మేడమ్, ఫెలిస్బేలా అత్త 'ఫ' రాసింది! దానికి తోక కూడా పెట్టింది! తోక ఎందుకత్తా అంటే, చలికాలం కదరా, ఉండనీ అంది" అని గంతులేశాడు. లుజియా అని ఇంకో అమ్మాయి ఉంది. ఆమె ఏమీ మాట్లాడదు, కానీ ఫెలిస్బేలా అత్త ఎందుకు నేర్చుకుంటోందో ఆమే రాసి ఇచ్చింది. మొగుడి సమాధి ఎక్కడుందో శ్మశానం గోడ నుంచి అడుగులు లెక్కపెట్టుకుని వెళ్తుందట. రాయి మీద పేరు చదువుకుని వెళ్ళాలని ఉందట. అది చదివి నేను చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. బయట ఏముందో గుర్తులేదు.

ఒక చిన్న సంగతి. బెల్మీరా అత్త బుట్టెడు చెస్ట్‌నట్ కాయలు ఇస్తే పిల్లలు తీసుకోలేదు. నొచ్చుకుందేమో. ఆ నిబంధన నేను రాసిందే. విద్యార్థులు ఊరివాళ్ళ దగ్గర ఏదీ తీసుకోకూడదు, వస్తువైనా, పనైనా. సేవ అంటే సేవే కావాలి కదా. మీరు కాస్త నచ్చచెప్పండి.

ఇంకోటి, అందరూ పిల్లల్ని "మీ పొలం ఎక్కడ?" అని అడుగుతున్నారట. ఎందుకో వీళ్ళకి అర్థం కాలేదు. "మాకు పొలం ఎక్కడిదత్తా, నాకున్నదల్లా బాల్కనీలో కొత్తిమీర కుండీ ఒకటి" అన్నాడట వాస్కో. ఊరు ఊరంతా నవ్విందని మురిసిపోయాడు.

మీ,
ఒటిలియా


కర్వాలెయిరా,
నవంబర్ 6

అమ్మా ఒటిలియా,

చెస్ట్‌నట్లు అయిపోవచ్చాయి. కొండ మీద ఇళ్ళల్లో చలిపొయ్యిల పొగ మొదలైంది. మధ్యాహ్నమైనా మంచు విడవడం లేదు. మేకల్ని చూడకుండా మెడగంటలు విని లెక్కపెట్టుకుంటున్నాను.

నచ్చచెప్పమన్నావు. నాకు చేతకాలేదు.

శనివారం బెల్మీరా ఆ పొడుగు కుర్రాడితో "కుండీ అయితే కుండీయే. ఎప్పుడు రమ్మంటావో చెప్పు, వచ్చి తవ్విపోతాం" అంది. కుర్రాడు నవ్వి "అయ్యో అత్తా, మాకేం వద్దు, మేం ఊరికే చేస్తున్నాం" అన్నాడు. మంచివాడు. నవ్వుతూనే అన్నాడు.

ఆ తర్వాత మనవాళ్ళు కాసేపు కూర్చుని లేచి వెళ్ళారు.

అది నువ్వు రాసిన నిబంధన అని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

పెదనాన్న


పోర్తో,
నవంబర్ 20

పెదనాన్నకి,

రెండు శనివారాలుగా బడి ఖాళీగా ఉంటోందట. ఫెలిస్బేలా అత్త కూడా రావడం లేదట. పిల్లలు ఇంటింటికీ వెళ్ళి పిలిస్తే, అందరూ మర్యాదగానే మాట్లాడుతున్నారట, పనులున్నాయంటున్నారట. నవంబర్‌లో మంచు కమ్మిన కొండ మీద అంత పని ఏముంటుంది?

తప్పు మా వైపే ఉండాలి. అక్షరాలు మరీ చిన్నవేమో. గదిలో చలేమో. ముసలికళ్ళకి ఆనడం లేదేమో. అందుకని పెద్ద అక్షరాల పటాలు, గదికో పొయ్యి, కొన్ని చదువు కళ్ళద్దాలు పంపుతున్నాను. పాఠాలూ మార్చాం. కౌన్సిల్‌కి ఇక ఎంతో సమయం లేదు. ఖాళీ బెంచీల గురించి వాళ్ళకి ఏం చెప్పను?

నిద్రపోయే ముందు ఆ బడి కళ్ళ ముందుకొస్తుంది. మీ కలలో ఆ బెంచీల మీద మంచైనా కూర్చుంది అనుకుంటాను.

మీ,
ఒటిలియా


కర్వాలెయిరా,
నవంబర్ 27

అమ్మా ఒటిలియా,

పటాలు వచ్చాయి. పొయ్యి వచ్చింది. కళ్ళద్దాలు బాగున్నాయి. ఎవరూ తీసుకోలేదు.

బెల్మీరా సామాను చూసి "మనమీద ఇంకా బరువెక్కిస్తోందేంటి నీ తమ్ముడి కూతురు?" అంది.

పిల్లలు అంత దూరం బస్సెక్కి వచ్చి ఖాళీ గదిలో కూర్చుంటే చూడలేకపోయాను. నేను వెళ్ళి ముందు బెంచీ మీద కూర్చున్నాను. ఆ కుర్రాడు నా చేయి పట్టుకుని 'అ' దిద్దించాడు. నాకు వచ్చని చెప్పలేదు. వచ్చే శనివారం 'ఇ' నేర్పుతానన్నాడు. మాట్లాడని ఆ అమ్మాయి పొయ్యి పక్కన కూర్చుని బయటికే చూస్తూ ఉంది. కిటికీలో మంచు తప్ప ఏమీ లేదు. ఆమె చూపు మాత్రం ఇంకా దూరం పోతున్నట్టుంది.

పెదనాన్న


పోర్తో,
డిసెంబర్ 4

పెదనాన్నా,

వాస్కో రాసిన రిపోర్టు నా ముందుంది. "ఫిర్మీనో గారు చాలా సిగ్గరి. కానీ మేం ఊహించినదానికంటే త్వరగా నేర్చుకుంటున్నారు" అని రాశాడు. చిన్నప్పుడు నాకు అక్షరాలు దిద్దించిన చేయి అది! నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు.

ఎవరికీ ఇష్టం లేకపోతే ఆ మాట నాకు సూటిగా చెప్పండి. నేను ఊరొదిలి వెళ్ళిపోయినదాన్ని, పట్నం నుంచి పుణ్యం చేయడానికి మనుషుల్ని పంపుతున్నాననుకుంటున్నారా? అలా అనుకుంటే ఈ వారమే ఆపేస్తాను. ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాను. మీరు నాకోసం రాని చదువు నటిస్తూ చలిలో కూర్చోవద్దు.

ఇంత రాసినా మీ దగ్గర్నుంచి మేకల సంగతే వస్తుందని తెలుసు. కోపంతో రాశాను. అయినా చించేయడం లేదు.

ఒటిలియా


కర్వాలెయిరా,
డిసెంబర్ 9

అమ్మా,

ఇది నాలుగోసారి రాస్తున్నాను. మిగతావి పొయ్యిలో వేశాను.

నీ చిన్నప్పుడే మీ నాన్న నిన్ను తీసుకుని పట్నం వెళ్ళిపోయాడు. అందుకని నీకు తెలియకపోవచ్చు. ఇక్కడ ఒకరు నా చేలో ఒక రోజు పని చేస్తే నేను వాళ్ళ చేలో ఒక రోజు చేస్తాను. కూలి ఉండదు. అది బదులు రోజు. వాళ్ళకి చేను లేకపోతే ఇంటి కప్పు, కప్పు బాగుంటే కట్టెలు. ఏదో ఒకటి ఉంటుంది. బదులు రోజు తీసుకున్నంతకాలం రెండిళ్ళ మధ్యా దారి ఉంటుంది. వద్దన్నారంటే ఇక నీ ఇంటికీ మా ఇంటికీ ఏమీ లేదని. మన మిల్లు దగ్గర ఇంటివాళ్ళు ఒకసారి కోతల్లో మీ తాతని అలాగే వద్దన్నారు. ఈ రోజుకీ ఆ గుమ్మంలోంచి ఈ గుమ్మంలోకి పలకరింపు లేదు.

నేనే వాళ్ళు పనికొస్తున్నారని చెప్పాను. అందుకే అందరూ పొలం ఎక్కడని అడిగారు. ఎవరెవరు ఏ రోజు వెళ్ళాలో కూడా అనుకున్నారు. ఆ కుర్రాడు నవ్వుతూ వద్దన్నాడు. నిబంధన నీదని తెలిసింది. నువ్వు మా చేతులకి సిగ్గుపడుతున్నావని బెల్మీరా అంది. కాదని అనాల్సింది. నాకూ అలాగే అనిపించింది. అందుకే అనలేదు.

ఎవరికీ చదువంటే అయిష్టం లేదు. ఫెలిస్బేలా పొయ్యి బూడిదలో వేలితో రాసుకుంటోంది. నేను చూశాను. కానీ తిరిగి ఇవ్వనివ్వని వాళ్ళ దగ్గర ఎలా తీసుకుంటారు?

మేకలు బాగున్నాయి.

పెదనాన్న


పోర్తో,
డిసెంబర్ 14

పెదనాన్నా,

మీ ఉత్తరం మెట్ల మీదే నిలబడి చదివాను. తలుపు తెరిచానో లేదో, ఎప్పుడు కూర్చున్నానో తెలియదు. చీకటి పడ్డాక చూసుకుంటే కోటు ఇంకా ఒంటిమీదే ఉంది.

'ఇచ్చిపుచ్చుకోవడం' అన్న మాట నా కోర్సులో రెండో వారం పాఠం. ఏళ్ళుగా చెబుతున్నాను. సేవ చేసేవాళ్ళూ చేయించుకునేవాళ్ళూ ఇద్దరూ ఇవ్వాలి, ఇద్దరూ తీసుకోవాలి అని. పరీక్షలో అడుగుతాను కూడా. ఆ పాఠం చెప్పిన దాన్నే ఈ నిబంధనా రాశాను. మీ చేతులకి సిగ్గుపడటం కాదు పెదనాన్నా. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకపోతే మంచిదాన్నవుతానని అనుకున్నాను. ఎప్పటి నుంచి అలా అనుకుంటున్నానో నాకే తెలియదు.

మీ ఉత్తరం క్లాసులో చదివాను. చదవొచ్చా అని అడగలేదు, మన్నించండి. మిమ్మల్ని సిగ్గరి అన్న ముక్క గుర్తొచ్చి వాస్కో తల పట్టుకున్నాడు. "ఈయనకి 'అ' నేర్పానా నేను?" అని గొణిగి, "అయితే ఆ కుండీ చూపించాల్సింది మేడమ్" అన్నాడు.

అప్పుడు లుజియా మాట్లాడింది. మూడు నెలల్లో మొదటిసారి. మిరందెలా ఊరి దిగువన వాళ్ళకి ఆలివ్ తోట ఉందట. వేసవిలో తండ్రికి పక్షవాతం వచ్చింది. కాయ చెట్టు మీదే ఉండిపోయింది, తల్లి ఒక్కతే ఉంది. "మేం ఎవర్నీ అడగలేదు. అడగడం మాకు అలవాటు లేదు" అని, చాలాసేపటికి "వాళ్ళు వస్తారా?" అంది.

నిబంధన కొట్టేశాను, అందరి ముందూ. వస్తారా పెదనాన్నా?

ఒటిలియా


కర్వాలెయిరా,
డిసెంబర్ 23

అమ్మా ఒటిలియా,

వెళ్ళొచ్చాం.

రొట్టెల వ్యాను మాట్లాడాం. లోపల ఇంకా రొట్టె వాసనే. బెల్మీరా దారంతా పాడింది. పాడొద్దని ఎవరూ అనలేకపోయారు.

కింద ఇంకా దట్టంగా ఉంది మంచు. చెట్లు కనిపించలేదు. ముందు వలలు కనిపించాయి, రాలిన కాయ పట్టడానికి నేల మీద పరిచినవి. మన కొండ మీద ఆలివ్ ఉండదు కదా, మాకెవరికీ కాయ రాల్చే కర్ర పట్టడం రాదు. బెల్మీరా కొమ్మ విరగ్గొట్టింది. లుజియా వచ్చి కర్ర లాక్కుని "చెట్టుని తిడుతున్నావా అత్తా? బతిమాలాలి" అంది. ఆ పిల్లకి అంత గొంతుందని మనవాళ్ళెవరికీ తెలియదు. "ఓసి నీ! బళ్ళో ఈ నోరు ఎక్కడ దాచావే?" అంది బెల్మీరా. ఆ తర్వాత ఆ పిల్ల చెప్పినట్టే అందరం కొట్టాం.

వాళ్ళ నాన్నని కుర్చీలో తెచ్చి వల అంచున కూర్చోబెట్టారు. మాట సరిగ్గా రావడం లేదు ఆయనకి. నాకూ రాదు. ఇద్దరం పక్కపక్కన కాసేపు ఉన్నాం. మంచులో కాయ రాలుతుంటే వాన పడుతున్నట్టుంది, తడపని వాన. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. నేనూ విన్నాను. ఎంతసేపో తెలియదు. నేను పనికెళ్ళానని గుర్తొచ్చి లేచాను.

వాళ్ళమ్మ మొదట సిగ్గుపడింది. మా వైపు చూడలేదు. తర్వాత పెద్ద గిన్నెతో చేపల సూప్ తెచ్చి, తినకపోతే ఊరుకోనంది. ఫెలిస్బేలా గోనె మీద రాసిన పేరు వేలితో పట్టి పట్టి చదివింది. లుజియా ఇంటిపేరది. చదివి, నిజమేనా అన్నట్టు అందరివైపూ చూసింది.

తిరిగొచ్చేటప్పుడు అందరూ నిద్రపోయారు. బెల్మీరా కూడా.

పోయిన శనివారం బడిలో చోటు చాల్లేదు. నేను నిలబడ్డాను. ఆ కుర్రాడు నన్ను చూసి ఎర్రబడ్డాడు. "ఈ వారం 'ఉ' ఉందండీ" అన్నాడు. నేర్పమన్నాను.

పండక్కి నువ్వు ఒక్కదానివే ఉండకు.

పెదనాన్న


పోర్తో,
జనవరి 17

పెదనాన్నా,

నిన్న కౌన్సిల్ అయింది.

అంతా చెప్పాను. ఖాళీ బెంచీలూ చెప్పాను, నా నిబంధనా చెప్పాను, ఆలివ్ తోటా చెప్పాను. దాచి ఉంటే మార్కులు పడేవేమో. "ఇంతకీ ఇందులో సేవ చేసింది ఎవరు, అందుకున్నది ఎవరు?" అని అడిగారు ఒకరు. రెండూ అందరూ అన్నాను. అలా అయితే దేనికి మార్కులు వేయాలో తెలియదన్నారు. నియమం మధ్యలో తీసేయడం తప్పన్నారు. ముసలివాళ్ళు ఎక్కడో తోటలో జారిపడి ఉంటే ఎవరు జవాబు చెబుతారన్నారు. అదీ నిజమే. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. ఒక పెద్దాయన తలుపుదాకా వచ్చి నా చేయి పట్టుకుని సాగనంపాడు.

కోర్సు మళ్ళీ నాలుగు గోడల మధ్యకి వెళ్తుంది. ఫిబ్రవరితో నా ఉద్యోగం అయిపోతుంది.

శనివారాలు మాత్రం ఆగవట. మార్కులుండవని చెప్పాను. "మార్కులెవరు అడిగారు మేడమ్, తోటలో వాళ్ళ చేతులెక్కువ, మావి తక్కువ. ఇప్పుడు వంతు మాది" అన్నాడు వాస్కో. లుజియా బస్సు టైము కూడా చూసి పెట్టింది.

నా గురించి బెంగపడకండి. ఇక్కడ వీధిలో మంచు అలాగే ఉంది. దాన్లో నడుస్తుంటే కాసేపు నేను ఎవరో, ఏం పోగొట్టుకున్నానో గుర్తుండదు. హాయిగా కూడా ఉంది. నాకేమీ వద్దు.

ఒటిలియా


కర్వాలెయిరా,
జనవరి 24

అమ్మా ఒటిలియా,

పిల్లలు వచ్చారు. నువ్వు రాలేదేమని బెల్మీరా అడిగింది. చెప్పాను.

పొయ్యిలో కట్టె ఒకటి కూలింది. అప్పుడు బెల్మీరా నా మీదికే వచ్చింది. "ఏమయ్యా, నోట్లో బెల్లంముక్కుందా? ఆ పిల్ల అంతమంది పెద్దోళ్ళ ముందు మనకోసం ఒక రోజు నిలబడిందా లేదా? మరి అది రోజు కాదా?" అంది. రోజే అన్నారు అందరూ. ఫెలిస్బేలా కూడా అంది.

కాబట్టి నీకు ఒక రోజు రావాలి. పని ఏముందో రాయి.

నాకేమీ వద్దు అని రాశావు. ఆ ముక్క వాళ్ళకి చదివి వినిపించలేదు.

పెదనాన్న


పోర్తో,
జనవరి 31

పెదనాన్నా,

మూడు రోజులుగా ఈ కాగితం బల్ల మీదే ఉంది. అడగడం ఇంత కష్టమని తెలియదు. లుజియా క్లాసులో ఎలా అడిగిందో ఇప్పుడు అర్థమవుతోంది.

ఫిబ్రవరి ఆఖరి శనివారానికి యూనివర్సిటీలో నా గది ఖాళీ చేయాలి. గది నిండా పుస్తకాలు. పై అంతస్తు, పాత మెట్లు. మా ఇంట్లో వాటికి చోటు లేదు. ఎక్కడికి తీసుకెళ్ళాలో నాకు తెలియదు.

నా వల్ల కాదు. నాకు చేతులు కావాలి. ఒక రోజు ఇస్తారా?

ఒటిలియా


కర్వాలెయిరా,
ఫిబ్రవరి 6

అమ్మా,

వస్తాం. రొట్టెల వ్యానే.

బడిలో వెనక గోడ ఖాళీగా ఉంది. బెల్మీరా చేతులు చాపి కొలిచింది. నీ పుస్తకాలకి సరిపోతుందంటోంది. బీరువాలకి చెక్క నేను కోస్తున్నాను. ఆ కుర్రాడు శనివారం వచ్చి పట్టుకుంటానన్నాడు.

భోజనం నువ్వే పెట్టాలి. పనికొచ్చిన వాళ్ళకి ఇంటివాళ్ళు పెట్టాలి. క్యాబేజీ సూప్ చాలు. ఉప్పు తక్కువ వేయి, ఫెలిస్బేలాకి పడదు.

తర్వాత వంతు నీది. మార్చిలో బంగాళాదుంపలు వేస్తాం. బూట్లు పాతవి తెచ్చుకో.

పెదనాన్న,
ఫిర్మీనో